నల్ల చారు పెట్టిన ఆదివారం

పొజ్నాన్,
సెప్టెంబరు 8

పెద్దమ్మకు లుదెక్ వందనాలు.

క్షేమంగా చేరాను. విల్దా పేటలో నేను బాగుచెయ్యాల్సిన చర్చి ఆర్గన్ చూశాను. సగం గొట్టాలు మూగబోయాయి, మిగతా సగం దగ్గుతున్నాయి. అన్నిటికంటే పెద్ద గొట్టంలో కాకిగూడు ఉంది. క్రిస్మస్ ప్రార్థనకి వాద్యం మోగి తీరాలని ఫాదర్ గారి పట్టు. అంటే చలికాలం దాకా నా మకాం ఇక్కడే.

పని గురించి బెంగ లేదు, తిండి గురించే. దిగిన రోజున స్టేషన్లో ఓ కట్లెట్ తిన్నాను. అది ఏ జంతువో, ఎప్పుడు చచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మర్నాడు తెల్ల గుడ్డలు పరిచిన హోటల్‌కి వెళ్ళాను. గుమ్మంలో సర్వరు నన్ను కిందినుంచి పైకి చూసి, "కాస్త ఉండండి" అన్నాడు. ఆ చూపుకి అర్థం తెలిసిపోయింది. నా కోటు మీద జిగురు మరకలున్నాయి మరి. వెనక్కి తిరిగి బయటికి వచ్చేశాను. అప్పట్నుంచి గదిలో రొట్టె, ఉల్లిపాయ.

నువ్వు వయసంతా ఈ ఊళ్ళో వంట చేసి, కాళ్ళు పోయాక మన సానొక్‌కి తిరిగొచ్చిన మనిషివి. ఇక్కడ ఎక్కడ తినాలో, ఎక్కడ తాగాలో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వెంటనే రాయి. నలభై ఏడేళ్ళ మగాడు ఉల్లిపాయ కొరుక్కుంటూ కన్నీళ్ళు పెట్టుకుంటుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?

నీ
లుదెక్

* * *

సానొక్,
సెప్టెంబరు 15

ఒరే లుదెక్,

"కాస్త ఉండండి" అంటే కాస్త ఉండమని అర్థం, నాయనా. బల్ల ఖాళీ అవుతోందేమో. చిన్నప్పట్నుంచీ ఇదే వరస నీది. తలుపు వెయ్యి అంటే బయటికి పొమ్మన్నారనుకుంటావు. పాతికేళ్ళప్పుడు ఆ పోస్టాఫీసు అమ్మాయి ఆవులించిందని ఆమెని పెళ్ళికి అడగడమే మానుకున్నావు. పాపం ఆ పిల్లకి ఆ రోజు నిద్ర చాలలేదంతే.

సరే, తిండి సంగతి. స్టేషన్లో తినకు, అక్కడ తినేది రైలు తప్పిపోయినవాళ్ళు మాత్రమే. పాత అంగడి వీధికి వెళ్ళి రంగురంగుల ఇళ్ళు చూడు, గడియారం మీద బొమ్మ మేకలు పొడుచుకుంటుంటే చూడు, తినడం మాత్రం అక్కడ వద్దు. మేకల్ని చూసినందుకు కూడా నీ చారులోనే వసూలు చేస్తారు.

నువ్వు పనిచేసే విల్దాలోనే, ట్రాము మలుపు తిరిగే చోట "తెల్ల కుండ" అని పాల హోటలు ఉంది, పేరుకే పాలు, చవకగా అన్నీ వండి పెడతారు. అక్కడికి వెళ్ళు. బయటినుంచి చూస్తే ఆస్పత్రిలా ఉంటుంది, దిగులు పడకు. ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకో. దాన్ని వంటింటి కిటికీలో ఇవ్వు. బంగాళాదుంపలతో చేసే బూడిదరంగు ఉండలుంటాయి, పైన వేయించిన పందికొవ్వు, పక్కన పులిసిన క్యాబేజీ. రంగు చూసి మొహం తిప్పుకోకు. శుక్రవారం ఉడికించిన దుంపలు, వాటి మీద ఉల్లికాడలు కలిపిన పాలవిరుగుడు తిను. గ్లాసుడు పుల్ల మజ్జిగ తాగు. "గుడ్డి చేప" అనే చారు కూడా ఉంటుంది, తప్పకుండా తిను.

బీరు తాగాలంటే యెజిత్సె సంత వెనక మెట్లు దిగితే ఓ నేలమాళిగ ఉంది. నిలబడి తాగాలి, ఊరవేసిన చేపముక్క నంజుకోవాలి. ఆ ఊరివాళ్ళు రెండు గ్లాసులు తాగి, టోపీ పెట్టుకుని, ఇంటికి పోతారు. మనవాళ్ళలాగా గుమ్మంలో నిలబడి గంటసేపు సెలవు పుచ్చుకోరు. దాన్ని కూడా నిన్ను వదిలించుకోవడం అనుకోకు.

ఒక్క మాట. తెల్ల కుండలో నా పేరు ఎత్తకు. అంతా కొత్తవాళ్ళు, నన్నెవరు గుర్తుపడతారు? గుర్తుపట్టినా ఊరికే ఎక్కువ వడ్డించి నీ కడుపు చెడగొడతారు. వేళకి వెళ్ళు, కిటికీలో ఎవరుంటే వాళ్ళకి రసీదు ఇచ్చి, కాస్త నవ్వి, తీసుకుని తిను.

నవ్వడం మర్చిపోకు.

పెద్దమ్మ జెనోవెఫా

* * *

పొజ్నాన్,
అక్టోబరు 6

పెద్దమ్మకు,

నీ తెల్ల కుండ నా ప్రాణం నిలబెట్టింది. రోజూ వెళ్తున్నాను. బూడిద ఉండల్ని మొదట అనుమానంగా చూశాను, ఇప్పుడు పని మధ్యలో గుర్తొస్తున్నాయి.

కానీ గుడ్డి చేప విషయంలో నన్ను నట్టేట ముంచావు. గిన్నెలో చెంచాతో అడుగుదాకా దేవాను. దుంపలు, క్యారెట్టు, ఇంకా దుంపలు. చేప జాడే లేదు. లేచి వెళ్ళి కిటికీలో ఆవిణ్ణి అడిగాను.

"అమ్మా, నా గిన్నెలో చేప పడలేదు."

ఆవిడ గరిటె పట్టుకుని నన్ను చూసింది. "ఎవరి గిన్నెలోనూ పడలేదండీ. అందుకే దాన్ని గుడ్డి చేప అన్నారు. దానికీ మీరు కనబడలేదు, మీకూ అది కనబడలేదు." వెనక వరుస అంతా ఘొల్లుమంది. నా చెవులు ఎర్రబడిపోయాయి. ఆవిడ మళ్ళీ, "తూర్పు వైపునుంచి వచ్చారా? మీ మాట పాడినట్టుంది" అంది. వెక్కిరిస్తోందనుకుని రెండు రోజులు అటు వెళ్ళలేదు. మూడోరోజు వెళ్తే, "జ్వరమా? మీ ఉండలు రెండుసార్లు పక్కన పెట్టి చల్లార్చాను" అంది.

ఆర్గన్ బాగుపడుతోంది. చిన్న గొట్టాలు పలుకుతున్నాయి. నేలమాళిగలో బీరు బాగుంది, అయితే ఊరవేసిన చేప ఎక్కువ ఉప్పగా ఉందని ఒక ప్లేటు అలాగే మిగిలిపోయింది, రెండోది మాత్రం చివరిదాకా తినేశాం.

ఇంకో సహాయం కావాలి. ఆదివారం మధ్యాహ్నం కాఫీకి శుభ్రమైన చోటు ఏదైనా చెప్పు. పొగ ఎక్కువ లేకుండా, కిటికీ పక్క బల్ల దొరికేలా ఉండాలి. నా ఒక్కడికే.

నీ
లుదెక్

* * *

సానొక్,
అక్టోబరు 13

ఒరే లుదెక్,

నీ ఒక్కడికే. బాగుందిరా. ఒక్కడికి కిటికీ పక్క బల్ల ఎందుకు? పావురాల్ని లెక్కపెడతావా? ఒక్కడివే వెళ్ళినవాడివి రెండు ప్లేట్ల చేప ఎందుకు తెచ్చుకున్నావు? "తినేశాం" అని రాసింది ఎవరు, ఆర్గన్లో కాకా?

నేనేమీ అడగను. కాళ్ళు పోయాయి గానీ కళ్ళున్నాయి.

ఒపేరా ఎదురుగా పార్కు, దాని మూల మీద గాజు తలుపుల కాఫీ దుకాణం. జున్ను కేకు అడుగు, ఎండుద్రాక్ష వేసింది, చాక్లెట్ పూసింది కాదు. కాఫీ గ్లాసులో ఇస్తారు, పొడి అడుగుకి దిగేదాకా ఆగు, లేకపోతే ఎదుటి మనిషి ముందు పళ్ళకి పొడి అంటుకుని భూతంలా కనబడతావు. ఎదుటి మనిషి ఎవరూ లేరనుకో, అప్పుడు ఎలా తాగినా ఫర్వాలేదు.

మార్టిన్ పండగ వస్తోంది. ఆ రోజు పొజ్నాన్‌లో తెల్ల గసగసాలు, బాదం కూరిన చంద్రవంక రొట్టె తినకపోతే ఆ ఊళ్ళో ఉండి లేనట్టే. పొద్దున్నే వరుస కట్టాలి. ఒక్కటే కొను, చాలా బరువైన రొట్టె, సగం పంచుకోవడానికే అంత పెద్దది చేస్తారు.

ఆ కిటికీలో ఆవిడ పేరేమిటో? ఊరికే అడుగుతున్నా.

పెద్దమ్మ

* * *

పొజ్నాన్,
నవంబరు 13

పెద్దమ్మా,

ఆవిడ పేరు టెక్లా. టెక్లా షిమ్‌కొవియాక్. ఇంక దాచి లాభం లేదు.

భర్త పోయి ఎనిమిదేళ్ళయిందట. తండ్రి వలెంటి గారు ట్రాముల షెడ్డులో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు, ఇద్దరే ఉంటారు. ఊరి చివర తోటముక్క ఉంది, అక్కడ బాతులు. నేలమాళిగలో రెండో ప్లేటు చేప ఆవిడదే. కాఫీ దుకాణంలో కిటికీ పక్కన కూర్చున్నదీ ఆవిడే. నేను పళ్ళకి పొడి అంటించుకున్నాను. "ఇప్పుడు మీరు ఆర్గన్ లోపలినుంచి వచ్చినట్టే ఉన్నారు" అని రుమాలు ఇచ్చింది.

పెద్దమ్మా, నేను మాట్లాడుతున్నానే! నేను! రోజంతా గొట్టాలతో తప్ప మనుషులతో మాట పెగలని నేను, ఆవిడ ముందు గంటలకొద్దీ మాట్లాడుతున్నాను. మొన్న చర్చికి వచ్చింది. పెద్ద గొట్టం మొదటిసారి మోగించి వినిపించాను. చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. "ఇక్కడ తగిలింది" అంది. ఆ రాత్రంతా నేను ఏ లోకంలో ఉన్నానో నాకే తెలియదు.

మార్టిన్ పండగ రోజు చంద్రవంక రొట్టెని రెండు ముక్కలు చేసింది. చిన్న ముక్క తను తీసుకుంది. "ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. నాన్న మిమ్మల్ని చూడాలంటున్నారు" అంది.

ఎందుకు చూడాలంటున్నారో నాకు అర్థమైంది. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం. వలెంటి గారిని పిల్లనడగబోతున్నాను. ఏం పట్టుకెళ్ళాలి, ఎలా కూర్చోవాలి, చెయ్యి ఎప్పుడు ముద్దుపెట్టుకోవాలి, అన్నీ రాయి.

నీ
లుదెక్

* * *

సానొక్,
నవంబరు 18

బంగారు తండ్రీ,

నీ ఉత్తరం మేరీమాత పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. మీ అమ్మ ఉంటే ఇవాళ వీధంతా తిరిగి చెప్పేది. ఆమె లేదు గనక నేనే చెప్పాను. కుంటుకుంటూ చెప్పాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. భోజనం ఒంటిగంటకంటే ఒంటిగంటకే. మనవైపులా కాస్త అటూ ఇటూ అనుకుంటే నీ పని అయిపోయినట్టే. ముందు వెళ్ళినా తప్పే, మెట్ల మీద నిలబడు. గులాబీలు తీసుకెళ్ళు, లెక్క బేసి ఉండాలి, సరి సంఖ్య చావింటికి. చామంతులు అసలే వద్దు, వాటిని సమాధుల మీద పెడతారు. కాగితం తీసేసి పువ్వులు ఇవ్వు. తండ్రికి ఓ సీసా. బూట్లు గుమ్మంలో విప్పు, మేజోళ్ళకి చిల్లులు లేకుండా చూసుకో.

ఆవిడకి ముందు నమస్కారం, తర్వాత తండ్రికి. భోజనం అయి, ప్లేట్లు తీసి, టీ వచ్చాక లేచి నిలబడి అడుగు. ఆలోపు అడగకు. ఖాళీ కడుపుతో ఆ ఊళ్ళో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోరు.

పెట్టిందల్లా తిను. ఇంక నీకు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

నీ పెద్దమ్మ

* * *

పొజ్నాన్,
నవంబరు 28

పెద్దమ్మకు,

అయిపోయింది. ఎక్కువ రాయలేను గానీ నీకు చెప్పకుండా ఉండలేను.

ఒంటిగంటకి గంట కొట్టాను. ఏడు గులాబీలు. మేజోళ్ళు కొత్తవి. వలెంటి గారు తలుపు తీశారు, మీసం మెలేసి, ఆదివారం కోటు వేసుకుని ఉన్నారు. చెయ్యి గట్టిగా నొక్కారు. అంతా బాగానే ఉందనుకున్నాను. టెక్లా నీలం గౌను వేసుకుంది. నా మొహం చూసి తలదించుకుంది. అది సిగ్గు అనుకున్నాను.

కూర్చున్నాం. వలెంటి గారు వంటింట్లోకి వెళ్ళి స్వయంగా గిన్నె పట్టుకొచ్చి నా ముందు పెట్టారు.

"మీ కోసమే చేయించాను. ప్రత్యేకంగా" అన్నారు.

నల్ల చారు, పెద్దమ్మా. బాతు నెత్తురుతో చేసిన నల్ల చారు.

నీకు నేను చెప్పాలా? అమ్మమ్మ మనందరినీ కూర్చోబెట్టి చెప్పేది కదా, పిల్లనడగడానికి వచ్చినవాడికి ఇవ్వం అని నోటితో చెప్పి పరువు తీయకుండా నల్ల చారు ముందు పెట్టేవాళ్ళని. వాడు అది తిని, మాట్లాడకుండా లేచి, గుర్రమెక్కి వెళ్ళిపోయేవాడని. అది పెద్దింటి మర్యాద అని.

నా గుండె జారి మేజోళ్ళలో పడింది. అయినా నువ్వు చెప్పినట్టు పెట్టిందల్లా తిన్నాను. ఎండు పియర్ పళ్ళు, లవంగం, తియ్యగా, పుల్లగా. ఆ చారు బాగుండడమే నాకు మరీ కష్టంగా తోచింది. గిన్నె ఖాళీ అయ్యాక ఆ పెద్దాయన, "ఇంకో గిన్నె వడ్డించమంటారా?" అన్నారు. ఒకసారి కాదన్నది చాలదా? రెండోసారి కూడా చెప్పాలా?

లేచాను. జిగురు ఆరిపోతుంది, చర్చికి వెళ్ళాలి అన్నాను. టెక్లా చెయ్యి ముద్దుపెట్టుకున్నాను. "ఇంకా బాతు ఉంది, బాతు వేపుతున్నాను" అంది. దయగల మనిషి. నన్ను నొప్పించకుండా పంపాలని చూసింది. వినకుండా మెట్లు దిగేశాను.

తెల్ల కుండకి వెళ్ళడం మానేశాను. స్టేషన్లో తింటున్నాను. పని తొందరగా ముగించి క్రిస్మస్‌కి ముందే వచ్చేస్తాను. ఎవరికీ చెప్పకు. నువ్వు వీధంతా చెప్పేశావని రాశావు. అయితే వెళ్ళి మళ్ళీ చెప్పు.

లుదెక్

* * *

సానొక్,
డిసెంబరు 3

ఒరే మొద్దూ! ఒరే శుద్ధ మొద్దూ!

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను. తర్వాత నవ్వాను. నవ్వి నవ్వి పక్కింటావిడ వచ్చి నీళ్ళు ఇచ్చేదాకా నవ్వాను. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది, అందుకే రాస్తున్నాను.

అది పొజ్నాన్ రా! అక్కడ నల్ల చారు కాదనడానికి పెట్టరు, పండగకి పెడతారు. పెళ్ళిళ్ళలో పెడతారు, బిషప్పు వస్తే పెడతారు. బాతుల్ని పెంచేవాళ్ళు తమ చేత్తో బాతుని కోసి, నెత్తురు గడ్డ కట్టకుండా వెనిగర్ కలిపి, ముందురోజునుంచి వండితే గానీ ఆ చారు కాదు. ఆ ఇంట్లో ఒక మనిషికి అంతకంటే మర్యాద చెయ్యలేరు. అమ్మమ్మ కథలో గుర్రాలవాళ్ళు ఎప్పుడో పోయారు. నువ్వు మాత్రం వాళ్ళ గుర్రమెక్కి పారిపోయావు.

తప్పు నాది కూడా. గులాబీల లెక్క చెప్పాను, మేజోళ్ళు చెప్పాను, ఈ ఒక్కటి చెప్పలేదు. నా వయసంతా అక్కడ తిని, అది మన ఊళ్ళో వేరేగా అర్థమవుతుందన్న సంగతే మర్చిపోయాను. అప్పటికి నేను కూడా ఆ ఊరిదాన్ని అయిపోయినట్టున్నాను.

ఇంకోటి చెప్పాలి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. టెక్లా నాకు తెలుసు. తెల్ల కుండలో నా చేతికింద పనిచేసింది. నా కిటికీయే ఇప్పుడు ఆమెది. ఆ పిల్లలాంటి మనిషి మన ఇంటికి రావాలని నేను ఏనాటినుంచో అనుకుంటున్నాను. విల్దాలో ఆర్గన్ పని నీకు వచ్చిందని తెలియగానే దేవుడే పంపాడనుకున్నాను. నా పేరు ఎత్తొద్దన్నది అందుకే. పెద్దవాళ్ళు కుదిర్చారని తెలిస్తే నువ్వు మొదటి రోజే రొట్టె, ఉల్లిపాయలకి తిరిగిపోయేవాడివి. ఆమెకి కూడా చెప్పలేదు, కానీ నీ మాట తీరు పట్టుకుని రెండో వారంలోనే కనిపెట్టేసింది.

నిన్న ఆమె ఉత్తరం వచ్చింది. చదువు: "జెనోవెఫా గారూ, మీ లుదెక్ గారికి మా ఇల్లు నచ్చలేదు. చారు తాగి, బాతు ముట్టకుండా వెళ్ళిపోయారు. మళ్ళీ హోటలుకి కూడా రాలేదు. నాన్న ఆ గిన్నె కడగనివ్వకుండా చూస్తూ కూర్చున్నారు. నేనేమైనా తప్పు చేశానా? చేస్తే చెప్పండి. లేకపోతే ఆయన్ని నేను మర్చిపోతాను, కాస్త టైము పడుతుంది."

చూశావా? వాళ్ళు నిన్ను కాదనలేదు. నువ్వే వాళ్ళని కాదని వచ్చావు.

నేను ఆమెకి జవాబు రాయను. నీ బదులు ఎవరూ అడగరు. లే. వెళ్ళు. నోరు తెరిచి అడుగు. ఆమె మొహం చూసి అర్థం చేసుకోకు, చెయ్యి చూసి అర్థం చేసుకోకు, గిన్నెలో రంగు చూసి అసలే అర్థం చేసుకోకు. నోటితో చెప్పేదాకా నిలబడు. కాదంటే అప్పుడు ఇంటికి రా, నేనే నీకు ఉండలు వండి పెడతాను. నిలబడకుండా వస్తే మాత్రం తలుపు తియ్యను.

పెద్దమ్మ

* * *

పొజ్నాన్,
డిసెంబరు 9

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చర్చిలో, నిచ్చెన మీద నిలబడి చదివాను. దిగాను. కోటు కూడా వేసుకోకుండా తెల్ల కుండకి పరిగెత్తాను.

మధ్యాహ్నం వేళ. వరుస గుమ్మం దాకా ఉంది. నేను నేరుగా కిటికీవైపు నడిచాను.

"ఏమండోయ్!" అంది వల సంచి పట్టుకున్న ముసలావిడ. "మేమంతా ఇక్కడ బొమ్మలమా?"

"నాకు తిండి వద్దమ్మా, ఒక్క మాట చెప్పాలి."

"మాటకైనా వరుసే" అన్నాడు ట్రాము డ్రైవరొకాయన. "రసీదుందా?"

గల్లాపెట్టె దగ్గర మనిషి కూడా అదే మాట. రసీదు లేకుండా కిటికీ దగ్గరికి వెళ్ళడానికి లేదట. ఒక గ్లాసు ఉడికించిన ప్లమ్ పళ్ళరసానికి రసీదు తీసుకుని అందరికంటే చివర నిలబడ్డాను. మామూలుగా అయితే ఈపాటికి ఇల్లు చేరేవాణ్ణి.

నా ముందు ఆ ముసలావిడే. "అంత ప్రాణం మీదికొచ్చిన మాటేమిటి?" అని వెనక్కి తిరిగింది. నాకు ఏమైందో, మొత్తం చెప్పేశాను. అమ్మమ్మ కథ, గుర్రం, గులాబీలు, చారు. ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. "అయ్యో దేవుడా, చారు పెడితే పారిపోయావా?" అని తన ముందున్నాయనకి చెప్పింది. ఆయన డ్రైవరుకి చెప్పాడు. డ్రైవరు తన ముందున్న నర్సుకి చెప్పాడు. నా కళ్ళముందే నా కథ మనిషినుంచి మనిషికి ముందుకి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే తిరిగి నన్ను చూసి, మళ్ళీ ముందుకి తిరిగారు. నాకంటే ముందు అది కిటికీకి చేరింది. లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది.

వరుస జరిగింది. నా వంతు వచ్చింది. టెక్లా మొహం ఆవిరిలో ఎర్రగా ఉంది. కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. అది ఏడుపో, నవ్వో, ఉల్లిపాయో. అర్థం చేసుకోవద్దన్నావు, చేసుకోలేదు.

రసీదు ఇచ్చాను.

"కథ విన్నాను" అంది. "కానీ అడగాల్సింది ఇంకా ఎవరూ అడగలేదు."

వరుసంతా కిటికీవైపు వంగింది. పెద్దమ్మా, నా గొంతు ఆర్గన్లో చెడిపోయిన గొట్టంలా వచ్చింది, అయినా వచ్చింది.

"టెక్లా గారూ, నేను మిమ్మల్ని ప్రేమిస్తున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆవిడ నన్ను చూసింది. నా వెనక వాళ్ళని చూసింది. పళ్ళరసం గ్లాసు నా చేతిలో పెట్టింది.

"వెనక జనం ఆకలితో ఉన్నారండీ. ఆ మూల బల్ల దగ్గర కూర్చోండి. పనయ్యాక చెప్తాను."

ఇంతకుముందయితే అదే నాకు జవాబు. గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. నీ ఉత్తరం జేబులో తగిలింది. వెళ్ళి మూల బల్ల దగ్గర కూర్చున్నాను.

ఎంతసేపని అడగకు. పళ్ళరసం అయిపోయింది, అడుగున ప్లమ్ పళ్ళు కూడా అయిపోయాయి. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు పళ్ళేలు పట్టుకుని నా దగ్గర ఆగారు. ముసలావిడ తన కుడుముల్లో రెండు నా ముందు పెట్టి, "తిను నాయనా, లోపల ఉత్త జున్నే, అర్థాలేం లేవు" అంది. డ్రైవరు భుజం తట్టి, "నేను ఇంటికెళ్ళే ట్రాము వెళ్ళిపోయింది మీ వల్ల" అన్నాడు, అయినా కదల్లేదు, తర్వాతి ట్రాము కూడా వదిలేశాడు. లేచిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను. ప్రతిసారీ బల్ల పట్టుకుని కూర్చున్నాను.

చివరికి కుర్చీలు బల్లల మీద బోర్లించడం మొదలుపెట్టారు. నా కుర్చీ ఒక్కటే నేలమీద మిగిలింది. టెక్లా చేతులు తుడుచుకుంటూ వచ్చి, బోర్లించిన కుర్చీ ఒకటి దింపి, ఎదురుగా కూర్చుంది.

"మీరు ఉంటారో లేదో చూద్దామనుకున్నాను."

"ఉన్నాను."

"చూశాను. ప్రతి గిన్నె వడ్డిస్తూ చూశాను." చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. "చేసుకుంటాను. వినబడిందా? మళ్ళీ చెప్పనా?"

"మళ్ళీ చెప్పండి" అన్నాను. మళ్ళీ చెప్పింది. వంటింట్లోంచి మూతలు మోగించారు.

సాయంత్రం ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. వలెంటి గారు తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి జరిగారు. ఆ రోజు పెట్టుకున్న మీసం మెలిక ఇవాళ లేదు. టెక్లాయే కథంతా చెప్పింది. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆయన మీసం కదలడం మొదలైంది.

"కూతుర్ని ఇవ్వనంటే నల్ల చారు పెట్టడం జమీందార్ల పద్ధతయ్యా" అన్నారు. "మేం జమీందార్లమా? మాకు బాతులున్నాయి, అంతే." బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వారు. నవ్వి, కాసేపటికి కళ్ళు తుడుచుకుని, వేరే గొంతుతో అడిగారు.

"ఆ చారు మా ఆవిడ చేసే పద్ధతి. ఆమె పోయాక మొదటిసారి నేనే దగ్గరుండి చేయించాను. ఇన్ని రోజులూ అది చెడగొట్టాననే అనుకుంటున్నాను. నిజం చెప్పండి. బాగుందా?"

"మొదటి చెంచాలోనే తెలిసింది, మామగారూ" అన్నాను. "అంత మంచి చారు నా జన్మలో తాగలేదు."

అప్పటికి ఇంకా ఆయన్ని పిల్లనడగలేదు. టెక్లా నా మోచెయ్యి పొడిచింది, అప్పుడు గుర్తొచ్చి లేచి నిలబడ్డాను. కానీ ఆయన అప్పటికే అలమారా దగ్గరికి వెళ్ళి మూడు గ్లాసులు తెస్తున్నారు.

నీ
లుదెక్